స్వదేశ పునరాగమన ప్రతిజ్ఞకు టీకా తాత్పర్యము

మూలము

"శ్రీయుత వీసా అధికారి గారి దివ్యసముఖమునకు. నేను నా స్వార్జిత ధనముతో స్వీడను దేశమును సందర్శించి, అచ్చటి ప్రకృతి రామణీయకమును కన్నులారా తిలకించి, పిదప గడువు ముగియక మునుపే నా స్వదేశమునకు తప్పక తిరిగి రాగలవాడనని ఇందుమూలముగా సవినయముగా విన్నవించుకొనుచున్నాను."

అవతారిక

పై వాక్యానికి కర్త ఎవరో తెలియదు. కాలనిర్ణయమూ కష్టమే. కడపలో పరదేశాలకు పోయేవాళ్ళ కాగితాలు సర్దిపెట్టే ఒక కన్సల్టెన్సీ కంప్యూటరులో ఇది అనాదిగా వెలసి ఉంది. ఇంగ్లీషు ప్రతి వీసా వాళ్ళకు. తెలుగు ప్రతి సంతకం పెట్టే ముసలివాళ్ళకు, ఏం రాశారో తెలియకుండా వేలు పట్టి పెట్టించారనే మాట రాకుండా. రెండూ పక్కపక్కన పెట్టి చదివాను. "దివ్యసముఖము" ఇంగ్లీషులో లేదు. "సవినయము" కూడా లేదు. అవి తెలుగువాడి కోసం ప్రత్యేకంగా చేర్చిన వంగుడు.

వాక్యం వచనంలో నడిచింది గనుక యతిభంగాలు, ప్రాసభంగాలు వెదికే శ్రమ తప్పింది. గణాలు లేవు. గుణాలు ఉన్నాయా అన్నది ముందుముందు విచారిస్తాం.

ఈ ఊళ్ళో టీకలు రాయడం కొత్త సంగతి కాదు. సి.పి. బ్రౌన్ 1820లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చాడు. తరవాత ఇక్కడే బంగళా కొని, తన జీతంలోంచి పండితులకు జీతాలిచ్చి, తాళపత్రాలు సరిచూపించాడు. జూలూరి అప్పయ్య పండితుడి చేత మనుచరిత్రకూ వసుచరిత్రకూ టీకలు రాయించాడు. ఆ బంగళా స్థలంలోనే ఇప్పుడు బ్రౌన్ పేరిట గ్రంథాలయం ఉంది. దానికి కూతవేటు దూరంలో కూర్చుని ఈ టీక రాస్తున్నాను. అప్పయ్యగారికి దొర జీతమిచ్చాడు. నాకు కన్సల్టెన్సీ వారు బిల్లు ఇచ్చారు. ఇద్దరికీ అంతే తేడా.

పాఠాంతరములు

కర్నూలు ప్రతిలో "స్వీడను" కొట్టివేసి పైన పెన్నుతో "నార్వే" అని ఉంది. కింద "స్వీడను క్రోనరులు" అని అలాగే మిగిలిపోయింది. లేఖకుడి అలసత.

ప్రొద్దుటూరు ప్రతిలో "స్వార్జిత" అన్నచోట "పిత్రార్జిత" అని కనబడుతుంది. బంగారు అంగళ్ళ ఊరు గనుక ఆ పాఠం అక్కడికి సహజమే.

నంద్యాల ప్రతిలో దేశం డెన్మార్కు. "ప్రకృతి రామణీయకము" పక్కన ఎవరో ఉత్సాహం కొద్దీ "పర్వత శిఖరములను" అని చేర్చారు. ఇది ప్రక్షిప్తమని నా నిశ్చయం. డెన్మార్కులో అన్నిటికంటె ఎత్తైన చోటు సముద్రమట్టానికి 171 మీటర్లు. కర్నూలు కొండారెడ్డి బురుజు కింద బండి మీద బజ్జీలు వేసే ఆయన అంతకంటె ఎత్తున నిలబడి ఉన్నాడు.

ప్రతిపదార్థము

నేను = నేను. మిగిలినవి సులభములు గనుక విడువబడినవి.

విశేషార్థము: "ప్రకృతి రామణీయకమును కన్నులారా తిలకించి"

ఇది వాక్యానికి ఆయువుపట్టు. చలిదేశం చూడబోయిన తెలుగు గృహస్థుల్లో ఆద్యుడు మనుచరిత్రలోని ప్రవరుడు గనుక, ఆయన సంగతి తేల్చకుండా ఈ పదాన్ని దాటడానికి వీల్లేదు.

పాఠకులు తొందరపడవద్దు. ప్రవరుణ్ణి గురించి మాట్లాడే హక్కు మా జిల్లావాళ్ళకు కాస్త ఎక్కువ. ఆ కావ్యం రాసిన పెద్దనకు రాయలిచ్చిన అగ్రహారం కోకటం మా కమలాపురం దగ్గరే. ఏప్రిల్ మధ్యాహ్నం ఆ ఊళ్ళో బండ మీద కాలు మోపిన వాడికి ఒక సంగతి తెలుస్తుంది: కాలికి రాసిన మందు మంచులో కరిగిపోయిందనే ఊహ చలిదేశపు కవికి తట్టదు. పాదం గురించి ఇంత దిగులు ఎండదేశంలోనే పుడుతుంది.

ప్రవరుడి ప్రయాణ సన్నాహం చూడండి. అరుణాస్పదపురంలో ఇల్లు, నిప్పు ఆరని అగ్నిహోత్రం, కనిపెట్టుకుని ఉండే భార్య, తల్లిదండ్రులు, శిష్యులు. ఊరు దాటి ఎరగడు. కానీ ఊళ్ళు చూడాలనే యావ ఉంది. తీర్థాలు తిరిగినవాళ్ళు ఊళ్ళోకి వచ్చారంటే ఇంటికి తెచ్చుకుని, అన్నం పెట్టి, ఎక్కడెక్కడ ఏమేమి చూశారని అడిగి వింటాడు. ఇప్పుడైతే రాత్రి పడుకునే ముందు మేనల్లుళ్ళ స్టేటస్‌లు చూసి నిట్టూర్చేవాడు. అలాంటి ఇంటికి ఒక సిద్ధుడు వచ్చాడు. చూస్తే పడుచువాడు. చెప్పేవి చూస్తే భూగోళమంతా తిరిగిన కబుర్లు. ఈ వయసుకు ఇన్ని ఎలా చూశావయ్యా అని ప్రవరుడు మర్యాదగానే అనుమానపడ్డాడు. వీసా అధికారికి ఉండవలసిన మొదటి లక్షణం ఇదే. ప్రవరుడికి అది పుట్టుకతో ఉంది. ఉండీ ఏం లాభం? సిద్ధుడు పాదలేపం తీసి చూపించగానే అనుమానం అక్కడే వదిలేశాడు.

సిద్ధుణ్ణి తెలుగు సాహిత్యంలో మొదటి కన్సల్టెన్సీగా ఎంచవచ్చు. కాకపోతే డబ్బు తీసుకోలేదు. నియమాలు చెప్పకపోవడంలో మాత్రం ఇప్పటివారికి ఏమీ తీసిపోడు. లేపనం రాసుకుంటే కోరిన చోటికి పోతావన్నాడు గానీ, మంచు తగిలితే ఏమవుతుందో చెప్పలేదు. మంచుకొండకు పోయేవాడికి చెప్పవలసిన మాట అదొక్కటే కదా! ఇతడూ అడగలేదు. కాలికి రాసుకున్నాడు, హిమాలయం చేరాడు, చూశాడు, మురిసిపోయాడు. మధ్యాహ్నపు అనుష్ఠానానికి వేళవుతున్నదని గుర్తొచ్చి, మిగిలిన వింతలు రేపు వచ్చి చూద్దామనుకున్నాడు. రేపు! అంటే మల్టిపుల్ ఎంట్రీ అని ఆయన ధీమా. ఈలోగా ఎండకు మంచు కరిగింది, లేపనం కొట్టుకుపోయింది, గడువు తీరింది. మనిషి కొండ మీద, కాగితం నీళ్ళలో.

తరవాతి కథ అందరికీ తెలిసిందే గానీ, ఈ దృష్టితో చదివినవారు తక్కువ. అప్సరస వరూధిని ఎదురుపడితే ఆయన అడిగింది ఒక్కటే, మా ఊరికి దారి ఏది అని. ఆమె మణులు చెక్కిన ఇల్లు చూపింది, తనను తాను చూపింది, ఇక్కడే ఉండిపొమ్మంది. శాశ్వత నివాసం, షరతులు లేవు, భాషాపరీక్ష లేదు. వద్దన్నాడు. అగ్నిని ప్రార్థించి, ఆ అగ్ని బలంతో ఇల్లు చేరాడు. తిరిగి వచ్చే ఉద్దేశాన్ని ఇంత గట్టిగా రుజువు చేసిన దరఖాస్తుదారు మన సాహిత్యంలో మరొకడు లేడు. అతడి దగ్గర బ్యాంకు స్టేట్‌మెంటు లేదు. ఇన్సూరెన్సు లేదు. రిటర్ను టికెట్టు లేదు. ఇంట్లో నిప్పు ఉంది, అంతే.

ఆ తరవాత గంధర్వుడొకడు ప్రవరుడి రూపం ధరించి వరూధినిని మోసగించడం గుర్తింపు దొంగతనానికి మొదటి ఉదాహరణ. పదివేళ్ళ ముద్రలు, ఫొటో తీసుకునే ఇప్పటి పద్ధతి అప్పుడే ఉండి ఉంటే గంధర్వుడు గుమ్మంలోనే దొరికేవాడు. స్వరోచి పుట్టడు, అతడికి స్వారోచిష మనువు పుట్టడు, మనువు లేకపోతే మనుచరిత్రమే లేదు, అప్పయ్యగారికి టీక రాసే పని లేదు. ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు 59 నెలలు చెల్లుతాయి. స్వరోచిని తప్పించడానికి ఆ మాత్రం గడువు చాలు.

ప్రస్తుతానికి వస్తాం. మూలవాక్యం ఎక్కడ వదిలామంటే, "తిలకించి" దగ్గర.

ఈ వ్యాఖ్యాతకు స్వీడను ప్రకృతి మీద ఏ ద్వేషమూ లేదు. కానీ నేను పోయేది దానికోసం కాదు. స్టాక్‌హోంలో నా కొడుకు ఉన్నాడు. కోడలికి నెలలు నిండుతున్నాయి. మా ఇంటామె పురుడు పోయాలి. నేను ఆమె వెంట సంచులు మోయాలి. ఈ సంగతి కన్సల్టెన్సీ పిల్లవాడికి చెప్పాను.

"అది రాయొద్దు సార్. పురుడంటే రూల్ ఎట్లుంటాదో, మళ్ళీ అడుగుతారు. ప్రకృతి అంటే ఎవురూ ఏమీ అనరు. అందరికీ ఇదే పెడతాండాం."

"అబద్ధం కదరా నాయనా."

"అబద్ధం కాదు సార్, కిటికీలో నుంచి చూడరా ఏంది?"

నా దగ్గర చదువుకున్నవాడే. అన్వయం చేయడం బాగానే వచ్చింది. విజయవిలాసంలో అర్జునుడు కూడా తీర్థయాత్ర పేరు మీదే పోయాడు గదా అని సరిపెట్టుకోబోయాను. మనసు ఒప్పలేదు. ఆ దేశపు నియమాల్లో అయినవాళ్ళను చూడబోవడానికి విడిగా ఒక వరసే ఉంది. కొడుకు పంపే ఆహ్వాన పత్రానికి విడిగా ఫారమే ఉంది. నిజానికి దారి తెరిచి ఉండగా, ఈ వాక్యం మనిషిని గోడదూకమంటుంది. "మనవరాలు పుట్టబోతోంది, చూసి వస్తాం" అని రాస్తే ఒక వరసలో అయిపోయేది. డెబ్బై ఏళ్ళు వచ్చాక, నేనెన్నడూ మాట్లాడని తెలుగులో, నాకు లేని కోరికను, నేను ఎరగని అధికారికి సవినయంగా విన్నవించుకోవలసిన గతి ఎందుకు పట్టింది? ఇది వ్యాఖ్యానం కాదు, కోపం. పండితులు క్షమించాలి.

"నా స్వార్జిత ధనముతో"

ఇక్కడ అర్థాపత్తి ప్రమాణం పనిచేస్తుంది. తిరిగేవాడికి డబ్బు ఉండాలి, ఉన్నదని కనబడాలి. స్వీడను వారి లెక్క ప్రకారం మనిషికి రోజుకు 450 క్రోనరులు చూపించాలి. మన డబ్బులో నాలుగువేలకు అటూ ఇటూ. వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. వైద్యపు ఇన్సూరెన్సు 30,000 యూరోలకు తగ్గకూడదు. ఇవన్నీ సబబే. ఎవరింటికి పోయినా ఖర్చు మనదే.

నాకు పెన్షను వస్తుంది, నెలనెలా ఒకటో తేదీకి పడుతుంది, వీసా కౌంటరు కంటికి అందంగా కనబడుతుంది. చిక్కంతా తానూ దరఖాస్తు పెట్టిన మా వియ్యంకుడిది. కోడలి తండ్రి. కోవెలకుంట్ల పక్క నల్లరేగడిలో శనగ వేస్తాడు. అక్టోబరులో విత్తనం, ఫిబ్రవరి మార్చిలో కోత. డబ్బు ఏడాదికి ఒకసారి, ఒక్కపెట్టున వస్తుంది. మధ్యలో ఖాతా నిండా వెళ్ళేవే గాని వచ్చేవి ఉండవు. ఆయన స్టేట్‌మెంటు చూసి కౌంటరులోని అమ్మాయి, "ఇంత అమౌంటు సడన్‌గా ఎక్కడిది?" అంది.

"సడన్‌గానా? వానకు మొగం పెట్టుకోని ఆరు నెల్లు కాసుకోని కూర్చుంటి తల్లీ" అన్నాడాయన.

ఆమె ఆదాయపన్ను రిటర్నులు అడిగింది. వ్యవసాయపు రాబడికి పన్ను లేదని ఈ దేశపు చట్టం. పన్ను లేకపోతే రిటర్ను లేదు, రిటర్ను లేకపోతే రాబడి లేదని ఆ ఫారం తర్కం. పట్టాదారు పాసుపుస్తకం, వన్-బి, అడంగలు తీసి చూపించాడు. అవి తెలుగులో ఉన్నాయి. మళ్ళీ ఇంగ్లీషులోకి మార్పించి, నోటరీ ముద్ర వేయించి తెమ్మన్నారు. మీమాంసకులకు ఇది మంచి అభ్యాసం: రైతు నిజమే, భూమి నిజమే, శనగలు నిజమే, శనగలమ్మిన డబ్బు నిజమే. అనుమానం మాత్రం అది వచ్చిన తేదీ మీద.

"గడువు ముగియక మునుపే"

నూట ఎనభై రోజుల్లో తొంభై రోజులకు మించి ఉండరాదు. ప్రవేశించిన రోజూ నిష్క్రమించిన రోజూ రెండూ లెక్కలోకి వస్తాయి. ఏ రోజు నిలబడి చూసినా వెనక నూట ఎనభై రోజులు లెక్కపెట్టుకోవాలి. ఆశౌచం లెక్కలు కట్టిన పురోహితుడైతే దీన్ని చిటికెలో తేల్చేస్తాడు. చదువుకున్న పిల్లలు తడబడుతున్నారు. స్వీడను, నార్వే, డెన్మార్కు, ఫిన్లాండు, ఐస్‌లాండు అయిదూ 2001 నుంచి ఒకే చూరు కింద ఉన్నాయి గనుక నార్వేలో ఉన్న రోజులు స్వీడను ఖాతాలోంచే తరుగుతాయి.

రోజు అన్నాం గనుక ఒక శంక. జూన్‌లో స్టాక్‌హోంలో సూర్యుడు రాత్రి పదికి గాని కుంగడు, తెల్లవారుజామున మూడున్నరకే మళ్ళీ వస్తాడు. ఇంకా పైకి, కిరునా దాకా పోతే మే చివరి నుంచి జూలై నడుమ దాకా అసలు కుంగడు. అక్కడ సాయం సంధ్య ఎప్పుడు? సమాధానం: మేరువు మీది దేవతలకు ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి అని సూర్యసిద్ధాంతం ఏనాడో చెప్పింది. తిలక్ 1903లో ఈ దారి పట్టే వేదాల పుట్టినిల్లు ఉత్తర ధ్రువ ప్రాంతమని పుస్తకమే రాశాడు. అదే నిజమైతే నేను పోయేది పరదేశం కాదు, పుట్టింటికి. వీసా ఎందుకు? ఈ వాదం కౌంటరు దగ్గర నిలవదు గనుక ఎత్తలేదు. మా వీధిలో ఉండే మస్తాన్ భాయి కొడుకు కూడా స్వీడనులోనే ఉన్నాడు. ఎండాకాలంలో రంజాన్ వస్తే పొద్దు కుంగేదాకా ఉపవాసం ఎట్లని తండ్రి దిగులు. మక్కా వేళలు పాటించవచ్చని వాళ్ళ పెద్దలు చెప్పారట. మా శాస్త్రులు ఇంకా చర్చిస్తున్నారు.

"తప్పక తిరిగి రాగలవాడను"

ఇది ప్రతిజ్ఞ. ఇన్సూరెన్సు కాగితంతో కలిపి చదివితేనే దీని లోతు తెలుస్తుంది. ఆ 30,000 యూరోలు జబ్బుకు మాత్రమే కాదు, అక్కడ చనిపోతే దేహాన్ని ఇంటికి చేర్చడానికి కూడా. కాబట్టి దరఖాస్తుదారు సజీవుడై గాని, విగతజీవుడై గాని, కడపకు రావలసిందే. రెండు విధాలా తిరుగు ప్రయాణం సిద్ధించింది. ఇక అనుమానానికి తావేది?

అయినా అనుమానిస్తారు. అనుమానం న్యాయమేనా అని చరిత్రను అడిగి చూశాను. 1620లో డెన్మార్కు ఓడలు తంజావూరు సీమకు వచ్చాయి. అప్పుడక్కడ ఏలుతున్నవాడు రఘునాథ నాయకుడు, తెలుగువాడు, తానే కవి, ఇందాకటి విజయవిలాసం అంకితం పుచ్చుకున్న దొర. తరంగంబాడిలో కోట కట్టుకుంటామంటే సరేనన్నాడు. పైగా వాళ్ళ రాజు నాలుగో క్రిస్టియన్‌కు బంగారు రేకు మీద ఉత్తరం పంపాడు. ఆరు నెలల స్టేట్‌మెంటు అడగలేదు. తిరిగి పోతారా అని అడగలేదు. అడగనందుకు వాళ్ళు పోనూ లేదు. 1845లో ఇంగ్లీషువాళ్ళకు అమ్మేదాకా రెండువందల ఇరవై అయిదేళ్ళు ఉన్నారు. తొంభై రోజుల లెక్క ఎవరికి అవసరమో పాఠకులు తేల్చుకోండి.

మా సీమలోంచి పోయేవన్నీ ఏ ప్రతిజ్ఞా లేకుండానే పోతాయి. మంగంపేట ముగ్గురాయి చమురుబావుల దేశాలకు ఓడెక్కుతుంది. మైదుకూరు వైపు పండే కె.పి. ఉల్లి, చిన్నదీ ఘాటైనదీ, మన వంటింట్లోకి రాకుండానే సముద్రం దాటుతుంది. శేషాచలం ఎర్రచందనం రాత్రిపూట పోతుంది, దానికి ఫొటో కూడా అక్కర్లేదు. ఆగేది వాటిని పండించినవాడు, తవ్వినవాడు, కాపలా కాసినవాడు.

గుణదోష విచారము

వాక్యంలో సామాను ప్రసక్తి లేకపోవడం న్యూనతా దోషం. పూరిస్తున్నాను.

పాల పదార్థాలు, మాంసం ఐరోపా కూటమి దేశాల్లోకి సంచిలో పెట్టుకుని పోకూడదు. కాబట్టి నెయ్యి వద్దు. పచ్చి మొక్కలు, ఆకులు, కాయలు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా రానివ్వరు. కాబట్టి కరివేపాకు వద్దు.

ఇక్కడ ఆగాలి. కరివేపాకుకు శాస్త్రంలో పేరు ముర్రేయా కోనిగీ. ఇంటిపేరు ముర్రే, స్టాక్‌హోంలో పుట్టిన వైద్యుడిది. రెండో పేరు కోనిగ్, స్వీడను పండితుడు లిన్నేయస్ శిష్యుడిది. ఈ కోనిగ్ 1768లో తరంగంబాడికి వచ్చి, మన తీరమంతా చెట్టూ చేమా వెదికి, 1785లో కాకినాడ పక్క జగన్నాథపురంలో కన్నుమూశాడు. అతడు తిరిగి పోలేదు. తిరిగి పోతానని ఎవరికీ రాసివ్వలేదు. ఆకుకు మాత్రం అతడి పేరు నిలిచింది. ఇంతటి బంధుత్వమున్న ఆకు, సాక్షాత్తు స్టాక్‌హోం ఇంటిపేరు పెట్టుకున్న ఆకు, మా ఇంటామె సంచిలో కూర్చుని అర్లాండా విమానాశ్రయంలో దిగితే చెత్తబుట్టలో వేస్తారు. నా కంటె దానికే ఎక్కువ అవమానం.

ధ్రువపత్రం అక్కర్లేని పండ్లు అయిదే: అరటి, ఖర్జూరం, అనాస, దురియన్, కొబ్బరికాయ.

ఆక్షేపము: "నా స్వదేశమునకు"

ఇది చివరికి మిగిల్చాను. వాక్యంలో అసలు బరువు ఇక్కడే ఉంది, కన్సల్టెన్సీ వారికి ఇది బరువని తెలియదు.

కౌంటరులో నా కాగితాలు తిరగేసి, "సర్, ప్లేస్ ఆఫ్ బర్త్ మ్యాచ్ కావట్లేదు" అన్నారు. పదో తరగతి సర్టిఫికెట్టులో "కడ్డపా". పాస్‌పోర్టులో "కడప". ఆధారులో "వైఎస్ఆర్ జిల్లా". ఊరు అదే, వీధి అదే, దేవుని కడప గుడిగంట అదే. ఇంగ్లీషువాడు రాసిన పేరు 2005లో మారింది. 2010లో జిల్లాకు పేరు మారింది. 2025లో రెండూ కలిపి "వైఎస్ఆర్ కడప" అన్నారు. నేను పుట్టిననాడు కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఉండేది, మూడేళ్ళకే అది ఆంధ్రప్రదేశ్ అయింది, 2014లో ఆ ఆంధ్రప్రదేశ్ సగమైంది. మా వియ్యంకుడి గతి ఇంకొకటి. ఆయన పుట్టింది కర్నూలు జిల్లాలో. 2022 ఏప్రిల్ 4 నుంచి అదే చేనులో నిలబడి నంద్యాల జిల్లావాడయ్యాడు. "మీరు ఎప్పుడు మారారు?" అని అడిగారట. ఆయన చేను గట్టు దాటలేదు.

పూర్వపక్షం: పేర్లు మారితే ఏమి, గెజిట్ ఉంది కదా. సిద్ధాంతం: ఉంది. ఎక్కడుందో, ఏ నంబరో, ఎవరిని అడగాలో డెబ్బై ఏళ్ళ మనిషికి తెలిసే ఏర్పాటు లేదు. పేరు పెట్టిన రోజు సభ జరుగుతుంది, పూలదండలు పడతాయి, పేపర్లో ఫొటో వస్తుంది. ఆ పేరు వల్ల పాత కాగితాలు చెల్లకుండా పోయినవాడి గతి ఏ సభలోనూ చర్చకు రాదు. ఏ పేరు మంచిదన్న వాదంలోకి నేను పోను. ఎవరి పేరైనా పెట్టుకోండి.

పరదేశపు అధికారి నన్ను అడుగుతున్నాడు, తిరిగి వస్తావా అని. వస్తాను. రాసిచ్చాను, సవినయంగా. నేను వచ్చేదాకా మా జిల్లా పేరు ఇట్లాగే ఉంటుందని నాకు రాసిచ్చేవారెవరు?

జిల్లా అధికారులకు విన్నపం ఒక్కటే. కడ్డపా, కడప, వైఎస్ఆర్, వైఎస్ఆర్ కడప, ఈ నాలుగూ ఒకే చోటని, పేరు మారిన తేదీలతో సహా, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక్క పేజీ కాగితం ముద్ర వేసి మీసేవలో దొరికేలా పెట్టండి. కర్నూలు, నంద్యాల వారికీ అట్లాగే ఒకటి. దివ్యసముఖమని రాయమంటే రాస్తాం.

ఆ కాగితం వచ్చేదాకా పోదలచినవారు పదో తరగతి సర్టిఫికెట్టు, పేరు మారిన గెజిట్ నకలు ఒకే కవరులో పెట్టుకోండి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టవచ్చు, పదిహేను రోజుల లోపు పెట్టరాదు. పురుడుకు పోయేవారు పురుడని రాయండి. కొబ్బరికాయ పట్టుకెళ్ళవచ్చు.